యుద్ధం అయిపోయిందని మెదడుకి చెప్పాలి!

జులై 4. అమెరికా స్వాతంత్య్ర దినోత్సవం. చీకటి పడితే చాలు, ఊరూరా బాణసంచా మోత. పిల్లలు కేరింతలు కొడుతూ ఆకాశంలోకి చూస్తుంటారు. కానీ కొన్ని ఇళ్ల ముందు మాత్రం ఓ చిన్న బోర్డు కనిపిస్తుంది. 'ఇక్కడ యుద్ధంలో పనిచేసిన సైనికుడు ఉన్నాడు, టపాసులు కాల్చేటప్పుడు కాస్త గుర్తుపెట్టుకోండి' అని దాని సారాంశం.

తుపాకీ గుళ్లకు ఎదురెళ్లినవాళ్లు తారాజువ్వకి భయపడటమేంటని నవ్వుకోకండి. వాళ్లేం పిరికివాళ్లు కాదు. యుద్ధం ముగిసిందన్న కబురు వాళ్ల మెదడుకి ఇంకా చేరలేదు, అంతే!

ఈ సమస్యనే డాక్టర్లు పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్ అంటారు. పొట్టిగా పీటీఎస్‌డీ. మొదటి ప్రపంచయుద్ధం నాటికే దీన్ని గుర్తించారు. అప్పట్లో 'షెల్ షాక్' అనేవారు. ఇప్పటి పేరు మాత్రం 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం పెట్టింది. పీడకలలు, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడటం, ఉన్నట్టుండి కోపం, జనంలోకి వెళ్లాలంటే బెరుకు... ఇవీ లక్షణాలు. ఇరాక్‌లో రోడ్డు పక్కన చెత్తకుప్పల్లో బాంబులు పెట్టేవారు. అది చూసి వచ్చినవాళ్లలో కొందరికి సొంతూళ్లో చెత్త సంచి కనిపించినా గుండె దడదడలాడుతుంది. తలుపు గట్టిగా వేస్తే నాన్న ఏమైపోతాడోనని పిల్లలు మునివేళ్ల మీద నడుస్తారు. యుద్ధానికి వెళ్లింది ఒక్కరే అయినా, దాని బరువు మోసేది ఇంటిల్లిపాదీ.

గట్టు మీద కూర్చుంటే ఈత రాదు

నీళ్లంటే భయపడే పిల్లాణ్ని బావిగట్టు మీద కూర్చోబెట్టి ఎన్ని కబుర్లు చెప్పినా భయం పోదు. నడుముకి బెండు కట్టి, మెట్టుమెట్టుగా నీళ్లలోకి దించాలి. పీటీఎస్‌డీకి బాగా పనిచేస్తుందని తేలిన చికిత్సల్లో ఒకటి అచ్చంగా ఇలాంటిదే. జరిగిన ఘటనను నిపుణుల ఎదుట మళ్లీమళ్లీ గుర్తుచేసుకోవాలి. అలా చేయగా చేయగా 'అది అప్పుడు జరిగింది, ఇప్పుడు నేను క్షేమంగానే ఉన్నాను' అన్న సంగతి మెదడుకి ఎక్కుతుంది. జ్ఞాపకం చెరిగిపోదు. దాని కోరలు ఊడిపోతాయి.

చెప్పినంత తేలిక కాదది. ఏళ్ల తరబడి తప్పించుకు తిరుగుతున్న దృశ్యాన్ని కళ్లు మూసుకుని మళ్లీ చూడటం ఎవరి తరం? అందుకే మధ్యలోనే మానేసేవాళ్లు చాలామంది. సరిగ్గా ఇక్కడే వర్చువల్ రియాలిటీ అక్కరకొచ్చింది. 1990ల్లోనే అట్లాంటాలోని ఎమరీ యూనివర్సిటీ, జార్జియా టెక్ నిపుణులు 'వర్చువల్ వియత్నాం' తయారుచేశారు. తర్వాత సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీలో స్కిప్ రిజో బృందం 'వర్చువల్ ఇరాక్' రూపొందించింది. తలకి హెడ్‌సెట్ పెట్టుకుంటే చాలు, ఎడారి రోడ్డు, మిలటరీ బండి, దూరంగా పేలుళ్లు... కళ్లముందు ప్రత్యక్షం. మీటలన్నీ డాక్టరు చేతిలోనే ఉంటాయి. తట్టుకోగలిగినంతే చూపిస్తారు, చాలనిపిస్తే ఆపేస్తారు.

నుదుటి వెనక ఓ పెద్దమనిషి

మన మెదడు లోపల అమిగ్డలా అని బాదంగింజంత భాగం ఒకటుంది. ప్రమాదం వస్తే గంట మోగించేది అదే. 'ఏం ఫరవాలేదు, ఊరుకో' అని దాన్ని సర్దిచెప్పే పెద్దమనిషి లాంటి భాగం నుదుటి వెనక ఉంటుంది. పీటీఎస్‌డీ ఉన్నవారిలో ఈ పెద్దమనిషి మాట గంటకి సరిగ్గా వినపడదు. మరి ఆయన గొంతు కాస్త పెంచితే?

అమెరికాలో రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని ప్రావిడెన్స్‌లో మాజీ సైనికుల ఆసుపత్రి ఉంది. అక్కడి పరిశోధకులకు వచ్చిన ఆలోచన ఇదే. హెడ్‌సెట్‌లో యుద్ధ దృశ్యాలు చూస్తున్న సమయంలోనే, తలమీద అమర్చిన ఎలక్ట్రోడ్ల ద్వారా 2 మిల్లీ ఆంపియర్ల కరెంటు పంపించారు. అదెంతంటే, 2 ఆంపియర్ల సెల్‌ఫోన్ చార్జర్ ఇచ్చేదాంట్లో వెయ్యో వంతు! సినిమాల్లో చూపించే 'కరెంటు షాకు'కీ దీనికీ పోలికే లేదు. ఆ చికిత్సలో మత్తు ఇచ్చి మూర్ఛ తెప్పిస్తారు. ఇందులో మనిషి మెలకువగానే ఉంటాడు. చర్మం మీద కాస్త చిమచిమ, దురద... అంతే.

2018 నుంచి 2023 దాకా 54 మంది మాజీ సైనికుల మీద ఈ ప్రయోగం చేశారు. ఒక్కొక్కరికీ రెండు మూడు వారాల్లో 25 నిమిషాల చొప్పున ఆరు విడతలు. అందరూ దృశ్యాలు చూశారు. నిజమైన కరెంటు మాత్రం దాదాపు సగం మందికే. మిగతావారికి ఉత్తుత్తిది. ఎవరికి ఏది ఇస్తున్నారో వాళ్లకి చెప్పలేదు.

2024లో 'జామా సైకియాట్రీ' అనే వైద్య పత్రికలో ఫలితాలు వచ్చాయి. చికిత్స ముగిసిన నెల తర్వాత చూస్తే, నిజమైన కరెంటు తీసుకున్నవారిలో బాధ ఎక్కువగా తగ్గింది. యుద్ధ దృశ్యాలకు వాళ్ల శరీరం అలవాటుపడటం కూడా వేగంగా జరిగింది.

బెండు ఈదదు

అయితే ఇందులో గమనించాల్సిన విషయం ఇంకోటుంది. ఉత్తుత్తి కరెంటు తీసుకున్నవాళ్లు కూడా చెప్పుకోదగ్గంతగా కోలుకున్నారు! అంటే, భయానికి ఎదురు నిలబడటమే అసలు మందు. కరెంటు ఆ పిల్లాడి నడుముకి కట్టిన బెండు లాంటిది. తేలడానికి సాయం చేస్తుందేగానీ ఈదాల్సింది మనిషే.

54 మంది అంటే చిన్న సంఖ్యే. అందులోనూ ఎక్కువమంది మగవాళ్లు. పెద్దఎత్తున పరీక్షించి చూస్తేగానీ దీన్ని అందరికీ వాడే వైద్యం అనలేం. కాబట్టి ఇంటర్నెట్లో దొరికే పరికరాలు కొని ఇంట్లో తలకి తగిలించుకోవడం, యుద్ధం వీడియోగేములు ఆడించి 'భయం పోగొట్టడం' లాంటివి పొరపాటున కూడా చేయొద్దు.

మన దేశంలోనూ సైనికులు, వాళ్ల కుటుంబాల కోసం 2023 డిసెంబరులో పుణెలోని సాయుధ దళాల వైద్య కళాశాలలో టెలి మానస్ ప్రత్యేక విభాగాన్ని ప్రారంభించారు. పీటీఎస్‌డీ సైనికులకే పరిమితం కాదు. రోడ్డు ప్రమాదం, వరద, దాడి... ఏదైనా ఆ గాయం చేయొచ్చు. ఎవరైనా సరే 14416కి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇంట్లో అలాంటివాళ్లుంటే మనం తరచూ అనే మాట ఒకటుంది. 'ఎప్పుడో అయిపోయిందిగా, మర్చిపో!' అని. మర్చిపోగలిగితే వాళ్లు ఎప్పుడో మర్చిపోయేవాళ్లు. ఆ మాట మానేసి, 'డాక్టర్ దగ్గరికి వెళ్దాం, నేనూ వస్తా' అని చూడండి. మెట్టు దిగేటప్పుడు పక్కన ఓ చెయ్యి ఉంటే నీళ్లంటే సగం భయం పోతుంది.