యానాం నుండి పుదుచ్చేరికి: ఒక షష్టిపూర్తి ముచ్చట

ప్రభుత్వ రంగ సంస్థలో పనిచేసే మనబోటి వారికి బంధువుల శుభకార్యమంటే ముహూర్తం కన్న ముందు సెలవు చూసుకోవలసి ఉంటుంది. షిఫ్టులు, వార్షిక మరమ్మతులు, తనిఖీలు పంచాంగం చూసుకొని రావు. అయితే 2025లో మా బావగారి, అంటే మా శ్రీమతి అన్నగారి షష్టిపూర్తి ఆదివారం నాడు కుదరడం మా అదృష్టం. శుక్రవారం సాయంత్రం విశాఖపట్నంలో రైలెక్కి, మర్నాడు చెన్నైలో దిగి, తూర్పు తీర రహదారి వెంట దాదాపు 150 కిలోమీటర్లు బస్సులో ప్రయాణించి పుదుచ్చేరి చేరుకున్నాము. ఖర్చైన సెలవు ఒక్క రోజు మాత్రమే.

తెలుగువారికి పుదుచ్చేరిలో చుట్టరికమేమిటని కొందరు మిత్రులు అడిగారు. మా శ్రీమతి పుట్టినిల్లు యానాం. కాకినాడకు సమీపాన, గౌతమీ గోదావరి ఒడ్డున ఉన్న ఆ ముప్పై చదరపు కిలోమీటర్ల ఊరు పరిపాలనలో మాత్రం ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న పుదుచ్చేరికి చెందినది. ఫ్రెంచివారి ఏలుబడిలోని పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాంలు 1954లో మన దేశపు పాలనలోకి వచ్చాయి. ఒప్పందం 1962లో చట్టరీత్యా పూర్తయింది. నాటి నుండి యానాం యువకులకు పై చదువు, ప్రభుత్వోద్యోగం అంటే పుదుచ్చేరి వైపు చూడడం సహజమైంది. మా బావగారు 1988లో అలా వెళ్ళి అక్కడే స్థిరపడ్డారు.

యానాం పేరెత్తితే పాత తరంవారికి పెళ్ళిళ్ళు గుర్తుకు వస్తాయి. బాల్యవివాహాలను నిషేధించే శారదా చట్టం 1930లో బ్రిటిషు ఇండియాలో అమలులోకి వచ్చినప్పుడు, అది ఫ్రెంచి యానాంకు వర్తించలేదు. అందుచేత చుట్టుపక్కల జిల్లాలవారు పసిపిల్లలను బండ్లలో తెచ్చి అక్కడ పెళ్ళిళ్ళు చేసేవారు. మా అత్తగారి తల్లికి తొమ్మిదవ ఏట అక్కడే పెళ్ళయినదట. ఆ తరంలో ఎందరికో బాల్యమే లేకుండా పోయింది. ఆమె మనుమడు అరవై ఏళ్ళు నిండి, తన ఇష్టపూర్వకంగా, సహధర్మచారిణి మెడలో మరల సూత్రం కట్టడం చూస్తూ మా అత్తగారు కళ్ళు తుడుచుకున్నారు.

బావగారు 1965లో, విశ్వావసు నామ సంవత్సరంలో జన్మించారు. ప్రభవ మొదలు అక్షయ వరకు గల అరవై సంవత్సరాల చక్రం పూర్తయి, అదే పేరుగల సంవత్సరం తిరిగి రావడమే షష్టిపూర్తికి మూలం. తమిళులు దీనిని అరువదాం కల్యాణం అంటారు. వారిలో అనేకులు తిరుక్కడయూరు ఆలయానికి వెళ్ళి జరుపుకుంటారు. ఇరుగుపొరుగువారు అక్కడికే వెళ్ళమన్నా, ఎనభై రెండేళ్ళ అత్తగారికి ప్రయాణం భారమవుతుందని పట్టణంలోనే కల్యాణ మండపం తీసుకున్నారు. యానాం బంధువులు ఆత్రేయపురం పూతరేకులు, పనసపొట్టు తెచ్చారు. తమిళ వంటవారు తొలి వాయి అన్నంలో సాంబారు వడ్డిస్తూ రాగా, మావాళ్ళు పప్పు కోసం చేయి అడ్డుపెట్టడం పెద్ద నవ్వుల ఘట్టమైంది.

సాయంత్రం బావగారు మమ్మల్ని పట్టణం చూపించడానికి తీసుకువెళ్ళారు. లంబకోణంలో కలిసే తిన్నని వీధులు ఇంజనీరు కంటికి విందు. రంగపిళ్ళై వీధిలో ఆనందరంగపిళ్ళై భవనం నేటికీ నిలిచి ఉన్నది. డూప్లే వద్ద దుబాసీగా పనిచేసి, సుప్రసిద్ధమైన దినచర్యను వ్రాసినది ఆయనే. కస్తూరి రంగకవి తన తెలుగు ఛందోగ్రంథాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. మన పద్యానికి ఆ పట్టణంలో ఒకనాడు ఆదరణ ఉండేదన్నమాట.

సముద్రతీరాన మాత్రం ఇసుక కంటే నల్లరాళ్ళే ఎక్కువ. మన తూర్పు తీరంలో అలలు ఏటా ఇసుకను మొత్తం మీద దక్షిణం నుండి ఉత్తరానికి మోసుకుపోతాయి. 1980ల చివర పట్టణానికి దక్షిణాన రేవు కోసం సముద్రంలోకి గోడలు కట్టగా ఇసుక అక్కడే ఆగిపోయింది. ఉత్తరాన తీరం కోసుకుపోయింది. 2018లో జాతీయ సముద్ర సాంకేతిక సంస్థవారు ఉక్కుతో చేసిన కృత్రిమ దిబ్బను నీటిలో దింపిన పిమ్మట కొంత ఇసుక తిరిగి చేరింది. విశాఖలో మనకిది కొత్త కాదు. ఔటర్ హార్బర్ గోడల వద్ద చేరిన ఇసుకను డ్రెడ్జర్లతో తవ్వి రామకృష్ణా బీచికి తరలించడం చూస్తూనే ఉన్నాము. దానంతట అది సాగే ప్రవాహానికి మనం అడ్డుకట్ట వేసినప్పుడు, ఆ మోత మనమే మోయాలి.

ఆ రాత్రి ఇంట్లో ఇదే సూత్రం వేరొక రూపంలో ఎదురైంది. ఆ నెలాఖరుకు బావగారి పదవీ విరమణ. అత్తగారిని ఇక పుదుచ్చేరిలోనే ఉంచి, యానాం ఇల్లు అమ్మివేయాలని మేనల్లుడి అభిప్రాయం. అతని వాదనలో న్యాయమున్నది. ఒంటరిగా ఉన్న వృద్ధురాలికి అర్ధరాత్రి ఆపద వస్తే దిక్కెవరు? అత్తగారు మాత్రం, “తాళం పెట్టిన ఇంటికి చెదలు పడతాయిరా. నేనుండగా అమ్మొద్దు” అన్నారు. బావగారు వెంటనే తల్లితో వెళ్ళిపోతానన్నారు. అంతవరకు మౌనంగా ఉన్న అక్కయ్యగారు, “ముప్పై ఏళ్ళుగా నా స్నేహితులు, నా గుడి, నా మనుమరాలు ఇక్కడే ఉన్నారు. నన్నొక మాట అడగరా?” అన్నారు. ఎవరికీ జవాబు తోచలేదు.

ఆ మనుమరాలికి ఎనిమిదేళ్ళు. తల్లి తమిళురాలు. తమిళం, ఇంగ్లీషు చక్కగా చదువుతుంది. తెలుగు వింటే అర్థమవుతుంది కాని బదులు తమిళంలో చెబుతుంది. తాతమ్మ ఒడిలో కూర్చొని కథ చెప్పమన్నది. కథ తెలుగులో సాగింది, ప్రశ్నలు తమిళంలో వచ్చాయి. ఇద్దరికీ ఏ ఇబ్బందీ కలగలేదు.

చివరకు అక్కయ్యగారే మార్గం చెప్పారు. అత్తగారి ఆరోగ్యం బాగున్నంతకాలం దంపతులిద్దరూ ఆరు నెలలు యానాంలో, ఆరు నెలలు పుదుచ్చేరిలో. ఇక్కడికి వచ్చినప్పుడు అత్తగారు కూడా రావాలి. వేసవి సెలవుల్లో పాప యానాం వెళ్ళాలి. ఇంటి అమ్మకం వాయిదా. ఇది శాశ్వత పరిష్కారం కాదని అందరికీ తెలుసు. కాని ఎవరి మాటా త్రోసివేయని ఏర్పాటు.

మన టౌన్‌షిప్పులోనూ పదవీ విరమణకు చేరువైన మిత్రులు చాలామంది ఉన్నారు. భవిష్యనిధి, పింఛను లెక్కలు అందరం వేసుకుంటాము. ఎక్కడ ఉండాలి, ఎవరి దగ్గర ఉండాలి అన్న లెక్కలో ఇంటి ఇల్లాలి మాటను, పెద్దల మాటను ముందుగానే చేర్చుకోవడం మంచిది. ఇక తెలుగు విషయానికి వస్తే, మా శ్రీమతి ఆ పాపకు నెలకొక ఉత్తరం పెద్ద అక్షరాలతో తెలుగులో వ్రాస్తానని మాట ఇచ్చింది. మొదటి ఉత్తరం పోస్టులో వేసి వచ్చాను. జవాబు ఏ భాషలో వచ్చినా మాకు సంతోషమే.