ఎక్స్‌గ్రేషియా వేరు, కాంపెన్సేషన్ వేరు

పాశమైలారంలోని సిగాచీ ఫ్యాక్టరీలో 2025 జూన్ 30న పేలుడు జరిగాక, మృతుల కుటుంబాలకు కోటి రూపాయల చొప్పున ఎక్స్‌గ్రేషియా ఇస్తామని యాజమాన్యం ప్రకటించింది. వార్తల్లోకి వచ్చేసరికి అది ‘పరిహారం’ అయింది. తెలుగులో చదివే మనకు రెండూ ఒకటే అనిపిస్తాయి. చట్టం దృష్టిలో ఒకటి కాదు.

ఎక్స్‌గ్రేషియా లాటిన్ మాట. దయతో ఇచ్చేదని అర్థం. ఇచ్చినంత మాత్రాన బాధ్యత ఒప్పుకున్నట్టు కాదు. ఎంత, ఎన్ని విడతలు అన్నది ఇచ్చేవారి ఇష్టం. కాంపెన్సేషన్ అలా కాదు. చనిపోయిన మనిషి జీతం, వయసు చూసి చట్టం కట్టే లెక్క అది. ఆలస్యమైతే వడ్డీ పడుతుంది. ప్రమాదం నాటికి అమల్లో ఉన్న 1923 నాటి చట్టం ప్రకారం, మరణించినవారి పరిహారాన్ని కమిషనర్ దగ్గర జమ చెయ్యాలి. యజమాని నేరుగా ఆమె చేతిలో పెట్టింది పరిహారం కింద లెక్కకు రాదు. మధ్యలో కాంట్రాక్టరు ఉన్నాడని అసలు యజమాని తప్పించుకోలేడు. ఇ.ఎస్.ఐ. ఉన్నవారి దారి వేరు, ఆశ్రితులకు ఆ సంస్థ నుంచే డబ్బు వస్తుంది, అదీ హక్కే. కనుక వేలిముద్ర వేయించే ముందు ఆ రసీదులో ఏ మాట ఉందో చూడమని నా మనవి. ‘ఫుల్ అండ్ ఫైనల్’ అని ఉంటే మరీ జాగ్రత్త.

ఆ చట్టం పేరు కథ కూడా చెప్పాలి. 2010 జనవరి దాకా అది ‘వర్క్‌మెన్’ చట్టం, ఆ తర్వాతే ‘ఎంప్లాయీ’ అయింది. మగ మాటలో ఆడవాళ్లూ చేరినట్టేనని న్యాయశాస్త్రం సర్దుకుంది సరే, మందుల కంపెనీల్లో ప్యాకింగ్ చేసే మన అక్కచెల్లెళ్లకు పేరులో చోటు దొరకడానికి 87 ఏళ్లు పట్టింది!

అన్నిటికంటే బాధపెట్టే జంట ‘డెడ్’, ‘మిస్సింగ్’. సిగాచీలో 8 మంది ఆనవాలు కూడా దొరకలేదు. మరణ ధ్రువపత్రం ఉంటే బీమా, పి.ఎఫ్., పింఛను కదులుతాయి. ‘మిస్సింగ్’ అని రాస్తే ఆమె భార్యా కాదు, వితంతువూ కాదు. ఏడేళ్లు కబురు లేకపోతేనే మరణించినట్టు భావించాలన్న నియమాన్ని ఆఫీసుల్లో అడ్డం పెడతారు. ఆ నియమం వేరే ఆధారమేదీ లేనప్పటి సంగతి. ఆ పూట డ్యూటీలో ఉన్నట్టు హాజరు పుస్తకం చెబుతుంటే ఏడేళ్లు ఆగనక్కర్లేదని గట్టిగా వాదించాలి.

ఈ బెల్టులో పనిచేసేవారిలో చాలామంది బీహారు, ఒడిశా, ఉత్తరప్రదేశ్‌ల నుంచి వచ్చినవారు. వారి ఆడవాళ్లకు ఇంగ్లీషూ రాదు, తెలుగూ రాదు. పటాన్‌చెరు బస్తీల్లో తిరిగే మిత్రులు ఈ మాటల తేడాను హిందీ, ఒడియాల్లో విడమర్చి రాసి పంపితే, వచ్చే సంచికతో పాటు కరపత్రంగా వేద్దాం.