యంత్రాన్ని వదిలే నిర్ణయంలో తెలుగు శాఖల వాటా

ఒక ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఏయే ఆపరేటింగ్ సిస్టమ్‌ల మీద పనిచేయాలన్నది ఇంజనీర్లు తేల్చుకోవలసిన విషయమనీ, దానితో భాషాసాహిత్య శాఖలకు నిమిత్తం లేదనీ భావించేవారు తెలుగు అధ్యాపకులలో తక్కువేమీ కాదు. ఈ భావన నిలవదగినది కాదు. సాఫ్ట్‌వేర్ ఒక వేదికను వదిలిపెట్టినప్పుడు, ఆ వేదిక మీద తెలుగు రాసుకొనేవారిని కూడా వదిలిపెడుతుంది. అంతకంటే ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. ఓపెన్ సోర్స్ సంప్రదాయంలో వేదికకు మద్దతు కొనసాగేది దానిని పరీక్షించి, లోపాలను దిద్దే మనుషులు ఉన్నంతవరకే. తెలుగు విషయంలో ఆ మనుషులు ఎవరన్న ప్రశ్నకు తెలుగు శాఖలు జవాబు చెప్పవలసి ఉంది.

2025లో వెలువడిన మూడు నిర్ణయాలు ఈ చర్చకు ఆధారం. ఆగస్టు 9న విడుదలైన డెబియన్ 13, ఇంటెల్ తరహా 32-బిట్ కంప్యూటర్లకు కెర్నెల్‌నూ ఇన్‌స్టాలర్‌నూ అందించడం మానివేసింది. అదే నెలలో వచ్చిన లిబ్రెఆఫీస్ 25.8 విండోస్ 7, 8, 8.1లను విడిచిపెట్టింది. అక్టోబరు 14న మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి సాధారణ మద్దతును ముగించింది. మూడవది ఒక వ్యాపార సంస్థ నిర్ణయం కాగా, మొదటి రెండూ స్వచ్ఛంద సముదాయాలవి. తెలుగులో రూపొందిన స్వేచ్ఛ ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఆధారం డెబియనే. మూలంలో జరిగే మార్పు దాని మీద ఆధారపడిన తెలుగు రూపాన్ని తాకక మానదు.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వంటి పట్టణాలలో ఈ నిర్ణయాల ప్రభావాన్ని అంచనా వేసేటప్పుడు పాత కంప్యూటర్లన్నింటినీ ఒకే గాటన కట్టడం పొరపాటు. టీపీఎమ్ 2.0 లేదన్న కారణంతో విండోస్ 11 నిరాకరించే 64-బిట్ కంప్యూటరు డెబియన్ 13కు నిక్షేపంగా పనికివస్తుంది. దానిని తుక్కుగా లెక్కకట్టి కొత్తది కొనడం కళాశాలకు అనవసర వ్యయం. నిజంగా దారి మూసుకుపోయేది 32-బిట్ యంత్రాలకే. ఈ తేడాను గుర్తించకుండా చేసే ఫిర్యాదుకూ, చెల్లించే బిల్లుకూ రెండింటికీ అర్థం లేదు.

వేదికల ఎంపికపై సాధారణంగా రెండు వాదాలు వినిపిస్తాయి. మొదటిది సంఖ్యావాదం. వాడుకరులు తగ్గిన వేదికను వదిలివేయడమే న్యాయమని దీని సారాంశం. ఆ లెక్క ఎలా వస్తుందో చూస్తే వాదంలోని లోపం బయటపడుతుంది. డెబియన్ వాడుక గణాంకాలను పంపడం వాడుకరి ఇష్టానికి వదిలిన విషయం. ఇంటర్నెట్ సరిగా లేనిచోట పెన్‌డ్రైవ్‌తో స్థాపించిన ప్రతి, వంతులవారీగా ముప్పైమంది విద్యార్థులు వాడే ప్రయోగశాల కంప్యూటరు ఆ లెక్కలో కనిపించకపోవచ్చు, కనిపించినా ఒకటిగానే కనిపిస్తాయి. లెక్కకు రాకపోవడాన్ని లేకపోవడంగా భావించడం పరిశోధన పద్ధతికి విరుద్ధం.

రెండవది సర్వవేదికావాదం. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అన్ని యంత్రాల మీద ఎప్పటికీ నడవాలన్న కోరిక వినడానికి ఉదాత్తంగా ఉంటుంది. కాని 32-బిట్ యంత్రంలో ఒక ప్రోగ్రాము చేరుకోగల స్మృతికి 4 గిగాబైట్ల హద్దు ఉంది. నేటి బ్రౌజర్ల వంటి భారీ ప్రోగ్రాములను ఆ హద్దులో నిర్మించడమే కష్టమైంది. భద్రతా సవరణలు ఆగిన యంత్రాన్ని నెట్‌వర్కులో ఉంచడం విద్యార్థులకు హానికరం. తెలుగు లిపి ప్రయోజనం కూడా ఈ కోరికతో ఘర్షిస్తుంది. పాత ప్రతులలో కనిపించే నకారపొల్లు 2021లో యూనికోడ్ 14.0లో ప్రత్యేకాక్షరంగా చేరింది. ఆ అక్షరమున్న ఫాంటు చేరని యంత్రంలో పరిష్కర్తకు కనిపించేది ఖాళీ గడి మాత్రమే. కొత్త అక్షరాన్ని కోరుకుంటూ మార్పు వద్దనడం కుదరదు.

ఈ రెండు వాదాలూ వదిలివేసిన అంశం బాధ్యత. డెబియన్‌లో ఒక యంత్రజాతి అధికారిక విడుదలలో ఉండాలంటే దాని భారం మోసే పోర్టర్లు ఉండాలి, ప్యాకేజీలను నిర్మించే యంత్రాలు నడుస్తుండాలి. 32-బిట్ ఇంటెల్ పక్కకు తప్పుకొన్న విడుదలలోనే 64-బిట్ రిస్క్-ఫైవ్ యంత్రజాతి తొలిసారి అధికారిక స్థానం పొందింది. వాడుకరుల సంఖ్య ఒక్కటే కొలమానమైతే ఇది జరిగేది కాదు. సిరిసిల్లలో సాంచాలని పిలిచే మరమగ్గాల విషయమూ ఇటువంటిదే. సాంచా ఎంత పాతదైనా విప్పి బిగించే మనిషీ, విడిభాగమూ దొరికినంతకాలం నడుస్తుంది. అవి కరువైననాడు ఎన్ని సాంచాలు ఉన్నా నేత సాగదు.

కాగితం మీది మద్దతు వేరు, పరీక్షించిన మద్దతు వేరు. 2018 ఫిబ్రవరిలో ఆపిల్ ఐఓఎస్ 11.2.5లో ‘జ్ఞా’ రూపానికి సంబంధించిన ఒక అక్షర సంకేతాల వరుసను తెరపై చూపబోయి అప్లికేషన్లు కుప్పకూలాయి. 11.2.6లో గాని అది సరికాలేదు. ఆ వేదికకు తెలుగు మద్దతు అప్పటికే ఉంది. ఆ సంయోగాన్ని ముందుగా పరీక్షించడమే జరగలేదు. దీనికి భిన్నమైన ఉదాహరణ లిబ్రెఆఫీస్. 2017లో వచ్చిన 5.3 నుంచి అది అన్ని వేదికల మీద అక్షరవిన్యాసానికి హార్ఫ్‌బజ్ అనే ఒకే సాధనాన్ని వాడుతున్నది. ఒకచోట దిద్దిన ఒత్తు అన్నిచోట్లా దిద్దుకుంటుంది. తక్కువమంది పరీక్షకులతో ఎక్కువ వేదికలను నిలపగల మార్గమిదే.

ఒత్తులు, గుణింతాలు, అరసున్నలు, వలపలగిలకలు సరిగా పడుతున్నాయో లేదో చెప్పగల అర్హత తెలుగు శాఖలకు ఉన్నంతగా ఏ ఇంజనీరుకూ లేదు. అయినా ఆ శాఖలు ఈ పనిలో కనిపించవు. పైగా అనేక పరిశోధన పత్రికలు నేటికీ వ్యాసాలను అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో కోరుతున్నాయి. పేజ్‌మేకర్ చివరి ప్రధాన రూపం 7.0 వచ్చింది 2001లో. అను ఫాంట్లలోని పాఠం కంప్యూటరు దృష్టిలో తెలుగు కాదు, లాటిన్ అక్షరాల సంకేతాల వరుస. ఆ ఫాంటు లేనిచోట దానిని చదవడం సాధ్యం కాదు, వెతకడమూ సాధ్యం కాదు. కోరుట్ల కళాశాలలో లినక్స్ మీద పనిచేసే విద్యార్థి ఒకరు జగిత్యాల కవి అలిశెట్టి ప్రభాకర్ మీదనో, సిరిసిల్ల ప్రాంతపు హనుమాజీపేటలో పుట్టిన సి. నారాయణరెడ్డి మీదనో వ్యాసం రాసి యూనికోడ్‌లో పంపితే, దానిని మళ్లీ టైపు చేయించి పంపమనడం వేదికను నిరాకరించడమే. డెబియన్ తన నిర్ణయాన్ని కారణాలతో సహా బహిరంగంగా చర్చించి ప్రకటించింది. తెలుగు పత్రికలు అటువంటి నిర్ణయాన్నే వ్యాసకర్తలకు సూచనలలో ఒక వాక్యంగా, ఏ చర్చా లేకుండా అమలు చేస్తున్నాయి. ఇతరుల నిర్ణయాలను ప్రశ్నించే నైతికాధికారం ముందుగా ఈ వాక్యాన్ని తొలగించుకొన్నవారికే ఉంటుంది.

చేయవలసిన పనులు పెద్దవి కావు. పత్రికలు యూనికోడ్ పాఠాన్నే ప్రామాణికంగా స్వీకరించాలి. ప్రతి శాఖ సంక్లిష్ట సంయుక్తాక్షరాలు, ప్రాచీన లిపి చిహ్నాలు కలిగిన రెండు పుటల పరీక్షపాఠాన్ని సిద్ధం చేయాలి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల కళాశాలల విద్యార్థులు తమ వద్దనున్న యంత్రాల మీద ప్రతి కొత్త విడుదలలోనూ దానిని తెరిచి, కనిపించిన లోపాలను సంబంధిత ప్రాజెక్టుకు నివేదించాలి. ఈ పనిని ప్రాజెక్టు వ్యాసంతో సమానంగా మూల్యాంకనం చేయాలి. సాఫ్ట్‌వేర్ సముదాయాలు కూడా ఒక వేదికను వదిలేముందు తగిన గడువిచ్చి, పాత పాఠాలు కొత్త యంత్రంలో చెడకుండా తెరుచుకుంటాయని నిరూపించాలి.

32-బిట్ యంత్రాలను నిలబెట్టే అవకాశం ఇప్పుడు దాదాపు చేజారింది. తరువాత వదిలే వేదిక ఏదన్న చర్చ మళ్లీ వస్తుంది. ఆ చర్చలో తెలుగుకు స్థానం కావాలంటే పరీక్షల నివేదికలు చేతిలో ఉండాలి. వినతిపత్రాలకు అక్కడ విలువ లేదు.