‘తమరు కోరిన వారి పేర’

గోదావరిఖని చౌరస్తాకు నాలుగడుగుల దూరంలో ఒక చిన్న గదిలో కూర్చుని దస్తావేజులు రాస్తుంటాను. ఇరవై రెండేళ్లుగా ఇదే నా బతుకుదెరువు. మా నాయన బాయిల, అంటే బొగ్గుగనిలో, పని చేసి దిగిపోయినవాడు (రిటైరైనవాడు). నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది ఆయనతో మస్టర్ (హాజరు) పడ్డవాళ్లే.

ఇల్లు అమ్మకం అగ్రిమెంటులో ఒక వాక్యం ఉంటుంది. “మిగతా సొమ్ము ముట్టిన మీదట తమరికి గానీ, తమరు కోరిన వారి పేర గానీ రిజిస్టర్డు విక్రయ దస్తావేజు రాసి ఇవ్వగలవాడను.” దీన్ని మొదట చేత్తో, తర్వాత కంప్యూటర్ మీద కొన్ని వందలసార్లు రాశాను. మా గురువు నేర్పిన నమూనాలోనే ఉంది కాబట్టి ఎన్నడూ ఆగి ఆలోచించలేదు. ‘తమరు కోరిన వారి పేర’ అన్న ఆ రెండో ముక్క మా కోల్‌బెల్టులో ముసలివాళ్లను ఎట్లా ముంచుతోందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

రెండేళ్ల కిందట ఒక కాక వచ్చాడు. భూగర్భ గనిలో ముప్పై నాలుగేళ్లు చేసి దిగిపోయాడు. నూట ఇరవై గజాల ఇల్లు. భార్య పోయింది, మోకాళ్లు పోయాయి. ఇల్లు అమ్మి కరీంనగర్‌లో బిడ్డ దగ్గరికి పోదామనుకున్నాడు. వెంట ఒక మధ్యవర్తి ఉన్నాడు, మనిషి మంచి మాటకారి. ధర 24 లక్షలు, బయానా లక్ష, గడువు ఆరు నెలలు. “నేనే కొంటున్న కాకా, వేరేటోళ్లతోని నీకు పని లేదు” అన్నాడు. నేను ఎప్పటి నమూనానే తీసి పేర్లు మార్చి రాశాను. కాక సంతకం పెట్టి, నా చేతిలో ఐదు వందలు పెట్టి పోయాడు.

ఆ మధ్యవర్తి దగ్గర 24 లక్షలు లేవు. కొనే ఉద్దేశమూ లేదు. ఆ అగ్రిమెంటు జిరాక్సు జేబులో పెట్టుకుని ఊరంతా తిరిగి, అదే ఇంటిని 31 లక్షలకు చూపించాడు. ఎవరైనా దొరికితే వాళ్లను ‘తాను కోరిన వారి’గా రిజిస్ట్రేషన్‌కు తెచ్చి, మధ్యలో ఏడు లక్షలు తీసుకుందామని. ఎవరూ దొరకలేదు. ఆరు నెలలు ఏడాదైంది. ఈలోగా పక్కింటి వాళ్ల చుట్టం 28కి తీసుకుంటానని వచ్చి, అగ్రిమెంటు సంగతి విని వెనక్కి పోయాడు. కాక బయానా తిరిగి ఇస్తానన్నాడు. మధ్యవర్తి కోర్టుకు పోతానన్నాడు, పోయాడు కూడా.

“నువ్వే రాసినవ్ గద తమ్మీ, గిట్లైతదని ఒక్క మాట చెప్పకపోతివి” అని నా గదిలో కూర్చుని కాక అడిగిన రోజు నాకు బాగా గుర్తుంది. నా దగ్గర జవాబు లేకపోయింది.

అమెరికాలో ఇలా తిరిగేవాళ్లను హోల్‌సేలర్లంటారు. ఇల్లు కొనరు, కాగితం కొంటారు. ఆ కాగితాన్ని ఇంకొకరికి ఎక్కువ ధరకు బదలాయిస్తారు. మన దగ్గర దీన్ని ‘అగ్రిమెంట్ మీద తిప్పడం’ అంటారు. హైదరాబాద్ చుట్టుపక్కల ఎకరాల లెక్కన జరుగుతుంది. మా దగ్గర నూరు, నూట యాభై గజాల్లో జరుగుతుంది. పోయే సొమ్ము చిన్నదే. కానీ పోగొట్టుకునేవాడికి అది తప్ప ఇంకేమీ ఉండదు.

సింగరేణి కార్మికుడు 61 ఏళ్లకు దిగిపోతాడు, దిగిపోయాక క్వార్టర్ ఖాళీ చేయాలి. గ్రాట్యుటీ పిల్లల పెళ్లిళ్లకు, అప్పులకు సర్దుకుంటుంది. 1998 నాటి బొగ్గుగని పెన్షన్ పథకం కింద వచ్చే పెన్షన్ దిగిపోయిన రోజు ఎంత ఉందో ధరలు పెరిగినా అంతే ఉంటుంది. ఇరవై ఏళ్ల కిందట దిగిపోయినవాళ్ల పెన్షన్ చూస్తే కళ్లలో నీళ్లు తిరుగుతాయి. ఇక మిగిలింది ఆ ఇల్లే. అది కూడా చాలామందికి సరైన కాగితంతో లేదు. కంపెనీ స్థలంలోనో, సర్కారు స్థలంలోనో కట్టుకున్నవి, నోటరీ కాగితం మీద చేతులు మారినవి ఎన్నో. సర్కారు స్థలాల్లోని ఇళ్ల కోసం జీవో 58, 59 వచ్చాయి. సింగరేణి స్థలాల్లోని ఇళ్ల కోసం జీవో 76 వచ్చింది. ఫలానా వాడకు పట్టాలు వస్తాయన్న కబురు అందరికంటే ముందు మధ్యవర్తికి చేరుతుంది. పట్టా వచ్చాక ఇంటి ధర ఎంతవుతుందో అతనికి తెలుసు, ఇంటి మనిషికి తెలియదు. ఆ తేడాయే అతని వ్యాపారం.

ఇప్పుడు చట్టం సంగతి. చాలామంది అనుకున్నట్టు అగ్రిమెంటు రాసుకోగానే కొన్నవాడు యజమాని కాడు. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 54వ సెక్షన్ ఆ మాట స్పష్టంగా చెప్పింది. అమ్ముతానన్న ఒప్పందం దానంతట అది ఆస్తిలో ఏ హక్కూ పుట్టించదు. అగ్రిమెంటు, జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ), వీలునామా కలిపి రాసుకున్నంత మాత్రాన ఆస్తి చేతులు మారదని 2011 అక్టోబరులో సుప్రీంకోర్టు సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చింది. అంటే లక్ష బయానా ఇచ్చిన మధ్యవర్తి, కాక ఇంటికి ఓనర్ కానే కాదు.

ఓనర్ కాకపోయినా ఓనర్ చేతులు కట్టేయగలడు. అగ్రిమెంటు ప్రకారం ఇల్లు రాసిమ్మని కోర్టులో దావా వేయడానికి అతనికి మూడేళ్ల గడువుంది. ఒప్పందంలో గడువు తేదీ రాసుకుని ఉంటే ఆ తేదీ నుంచి, లేకపోతే యజమాని కాదన్నాడని తెలిసిన రోజు నుంచి లెక్క. పూర్వం ఇలాంటి దావాలో జడ్జికి విచక్షణ ఉండేది. ఒప్పందంలో ఒకరికి అన్యాయమైన లాభం దక్కుతోందా, యజమానికి ఊహించని కష్టం వస్తుందా అని చూసి, రాసివ్వక్కర్లేదు అనగలిగేవాడు. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టాన్ని సవరించి, 2018 అక్టోబరు 1 నుంచి ఆ విచక్షణను తీసేశారు. పెద్ద ప్రాజెక్టుల్లో ఒప్పందాలు గట్టిగా నిలవాలన్నది ఆ సవరణ వెనకున్న ఆలోచన. ఆ గట్టిదనం మోకాళ్లు పోయిన కాక మీదా అంతే బరువుతో పడింది. ఆ సవరణ చేసినవాళ్లకు ఈ నూట ఇరవై గజాల ఇల్లు గుర్తు రాలేదని నా బాధ.

గడువు దాటిపోయింది కదా, ఇక రద్దే కదా అంటారు. అది కూడా అంత తేలిక కాదు. స్థిరాస్తి అమ్మకంలో గడువే ప్రాణమని కోర్టులు మామూలుగా అనుకోవు. అలా అని ఒప్పందంలోనే రాసుకోవాలి. మా నమూనాలో అది ఉండదు. ‘తమరు కోరిన వారి పేర’ మాత్రం ఉంటుంది.

మరి రెరా ఉంది కదా? 2016 నాటి ఆ రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం మంచిదే. బిల్డర్ ఒప్పందం రిజిస్టర్ చేయకుండా ధరలో పదో వంతుకు మించి తీసుకోకూడదంది. ఏజెంట్లు నమోదు చేసుకోవాలంది. కానీ అదంతా కొనేవాడి కోసం, అదీ కొత్త ప్రాజెక్టుల్లో. పాత ఇల్లు ఒక్కటి అమ్ముకునే ముసలాయన ఆ చట్టానికి కనిపించడు. ప్లాటు కొనే ఉద్యోగికి అథారిటీ ఉంది, ఇల్లు అమ్ముకునే కార్మికుడికి ఏదీ లేదు.

బయానా విషయంలోనూ చిక్కుంది. ఇల్లు, భూమి అమ్మకంలో 20 వేలు, అంతకుమించి నగదు తీసుకోకూడదని ఆదాయపు పన్ను చట్టంలో 2015 జూన్ నుంచి ఉంది. తప్పితే తీసుకున్నంత మొత్తం జరిమానా. అది ఇచ్చినవాడి మీద కాదు, తీసుకున్నవాడి మీద పడుతుంది. లక్ష నోట్ల కట్ట కాక చేతిలో పెట్టిన మధ్యవర్తికి ఇది తెలుసు. తర్వాత కాక ఎదురు తిరిగినప్పుడు “ఇన్‌కంటాక్సోళ్లకు చెప్తా” అని బెదిరించాడు కూడా.

మధ్యవర్తుల వాదన కూడా విన్నాను. వాళ్లూ ఈ ఊరివాళ్లే, నాకు పని తెచ్చేదీ వాళ్లే. “ధర ఆయనే ఒప్పుకున్నడు, మా తిరుగుడుకు, మా రిస్కుకు లాభం వద్దా” అంటారు. కమీషన్ తీసుకోండి, రెండు వైపులా చెప్పి తీసుకోండి, ఎవరూ కాదనరు. డబ్బు పూర్తిగా కట్టి, ఇల్లు మీ పేర రిజిస్ట్రేషన్ చేయించుకుని, రేపే రెట్టింపుకు అమ్ముకోండి, అదీ మీ హక్కే. లక్ష పెట్టి, పాతిక లక్షల ఇంటిని మూడేళ్లు తాళం వేసి, నేనే కొంటున్నానని చెప్పడాన్ని మాత్రం రిస్కు అనలేం. అక్కడ రిస్కంతా కాకదే.

వేరే చోట్ల దీనికి దారి వెతికారు. అమెరికాలో ఇల్లినాయి రాష్ట్రం 2019లో, పదేపదే ఇలా కాగితాలు తిప్పేవాళ్లు లైసెన్సు తీసుకోవాలంది. ఓక్లహోమా 2021లో దీని మీద ప్రత్యేక చట్టమే చేసింది. పెన్సిల్వేనియా 2024లో చేసిన చట్టం ప్రకారం, ఇలాంటివాళ్లతో ఒప్పందం రాసుకున్న యజమాని 30 రోజుల్లోగా, ఇల్లు చేతులు మారకముందే, ఏ జరిమానా లేకుండా రద్దు చేసుకోవచ్చు. మా కాకకు అలాంటి నెల రోజులు ఉండి ఉంటే చాలు. కరీంనగర్‌లో బిడ్డకు ఫోన్ చేసేవాడు, పక్కింటివాళ్లను ధర అడిగేవాడు.

మన దగ్గర ఇది కుదరదనడానికి లేదు. స్థిరాస్తి అమ్మకం అగ్రిమెంటును తప్పనిసరిగా రిజిస్టర్ చేయాలని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1999లోనే రిజిస్ట్రేషన్ చట్టానికి సొంత సవరణ చేసుకుంది. రాష్ట్రానికి ఆ అధికారం ఉంది, వాడుకుంది కూడా. కాకపోతే రిజిస్టర్ చేయని అగ్రిమెంటును కూడా దావాలో సాక్ష్యంగా తీసుకోవచ్చన్న వెసులుబాటు మూలచట్టంలో ఉండిపోయింది. అందుకే నా గదిలో రాసిన స్టాంపు కాగితం కాకను కోర్టుకు ఈడ్చగలిగింది. తెలంగాణ ప్రభుత్వం ఇంకో అడుగు వేయాలని నేను అడుగుతున్నాను. నివాసపు ఇల్లు అమ్మే అగ్రిమెంటులో, కొనేవాడు దాన్ని ఇంకొకరికి మార్చే ఉద్దేశంతో ఉంటే ఆ మాట మొదటి పేజీలోనే తెలుగులో రాయాలి. రాయకపోతే ఆ బదలాయింపు చెల్లకూడదు. రాసినా యజమానికి 30 రోజులు వెనక్కి తగ్గే హక్కు ఉండాలి. ఈ రెండూ చాలు.

అప్పటిదాకా ఉన్న చట్టంలోనే కొంత రక్ష ఉంది, దాని గురించి ఎవరూ చెప్పరు. ఒప్పందాన్ని వేరొకరికి బదలాయించరాదని అందులోనే రాసుకుంటే, ఆ కాగితం కొనుక్కున్న మూడోవాడు ఇల్లు రాసిమ్మని అడగడం కష్టమవుతుంది. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 15వ సెక్షన్‌లోనే ఆ సంగతి ఉంది. గడువు ముఖ్యమనీ, దాటితే ఒప్పందం రద్దనీ రాయించుకోవాలి. బయానా బ్యాంకు ద్వారానే తీసుకోవాలి. జీపీఏ ఇవ్వనే వద్దు. డబ్బు తీసుకుని, ఆస్తిలో అవతలివాడికి ప్రయోజనం కలిగేలా ఇచ్చిన జీపీఏను వెనక్కి తీసుకోవడం చాలా కష్టం. ఇప్పటికే దావాలో చిక్కుకున్నవాళ్లకు ఒక మాట. మొదటి నుంచీ డబ్బుతో సిద్ధంగా ఉన్నానని రుజువు చేయాల్సింది అవతలివాడే. బ్యాంకు ఖాతా చూపించమని అడగండి. వకీలుకు ఇవ్వడానికి డబ్బు లేకపోతే ఉచిత న్యాయసహాయం ఉంది. 1987 నాటి చట్టం ప్రకారం ఆడవాళ్లకు, దళితులకు, గిరిజనులకు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో పని లేకుండా వకీలును పెడతారు. బాయిల పని చేస్తున్నవాళ్లంతా ఆ లెక్కలోకి వస్తారు. 15100కు ఫోన్ చేస్తే చాలు.

నేను నా కంప్యూటర్‌లోని నమూనా మార్చాను. ఇప్పుడు ఏ అగ్రిమెంటైనా సంతకానికి ముందు అమ్మేవాళ్లకు మొత్తం చదివి వినిపిస్తున్నాను. పోయిన నెల ఒక పెద్దమ్మ వచ్చింది. వెంట వచ్చిన మధ్యవర్తి తన కాగితం తానే టైపు చేయించుకుని తెచ్చాడు. చదువుతూ ఆ ముక్క దగ్గరికి వచ్చి ఆగాను. “పెద్దమ్మా, ఈయన కాకుండ ఇంకెవరినన్న తీస్కొచ్చి వాళ్ల పేర రాయుమంటే నువ్వు రాసియ్యాలె, గా మాట రాసున్నది” అన్నాను.

“ఆయనే కొంటున్న అన్నడు గద బిడ్డా. గట్లైతే గా ముక్క కొట్టెయ్” అంది.

మధ్యవర్తి కాసేపు కాగితం వంక చూశాడు. బయానా చెక్కు రేపు తెస్తానని చెప్పి లేచిపోయాడు. నెల దాటింది, ఇంకా రాలేదు. పెద్దమ్మ ఇల్లు పెద్దమ్మ దగ్గరే ఉంది.