కంపెనీ విడిదిలో మన చోటెక్కడ?

కంపెనీలు ఇప్పుడు కళాకారుల్ని పోషిస్తున్నాయి. పూర్వం రాజులు చేసిన పని ఇది. ఆ రాజుల కాలంలో అగ్రహారాలు ఎవరికి దక్కాయో, వెట్టి ఎవరికి దక్కిందో మన తాతముత్తాతలకు తెలుసు. అందుకే ఈ కొత్త పోషణను కూడా కాస్త దగ్గరకు పోయి చూడాలంటున్నాం. 'బొమ్మలు మనకెందుకు, కూలిరేట్ల సంగతి చూద్దాం' అనే కార్యకర్తలు మనలో ఉన్నారు. ఈ నాలుగు మాటలు ముఖ్యంగా వాళ్ళకే.

అనంతపురం పక్కనే బళ్ళారి జిల్లా. తెలుగు మాట్లాడేవాళ్ళు అక్కడ ఊరూరా ఉన్నారు. ఆ జిల్లా సండూరు తాలూకా తోరణగల్లులో ఉన్నది జిందాల్ వాళ్ళ ఉక్కు ఫ్యాక్టరీ. ఇప్పుడు జె.ఎస్.డబ్ల్యు. అంటున్నారు. ఆ కంపెనీ ఫౌండేషన్ 2024 ఫిబ్రవరిలో ఫ్యాక్టరీకి దగ్గర్లోనే 18 ఎకరాల్లో 'హంపి ఆర్ట్ ల్యాబ్స్' తెరిచింది. బొమ్మల ప్రదర్శనకు హాలు, మట్టిపని చేసుకునే చోటు, అచ్చు వేసే చోటు, కళాకారులు ఉండటానికి గదులు ఉన్నాయి. ఇలా ఉండనివ్వటాన్నే రెసిడెన్సీ అంటారు. కొత్తగా పైకొస్తున్న కళాకారుణ్ణి పిలిచి, కొన్నాళ్ళు బస ఇచ్చి, 'నీ పని నువ్వు చేసుకో' అనటమన్నమాట.

ఏర్పాటు మంచిదే. మేం ఎగతాళి చెయ్యటం లేదు. కూలికి పోకుండా నెల రోజులు బొమ్మ వేసుకునే వీలు మన పిల్లలకు ఇంకెవరిస్తున్నారు గనక?

అయితే అదే తాలూకాలో ఇంకో సంగతి ఉంది. అక్కడ ఆ కంపెనీకి ఎప్పుడో లీజు మీద ఇచ్చిన 3,667 ఎకరాలు అమ్మెయ్యటానికి 2024 ఆగస్టులో కర్ణాటక మంత్రివర్గం ఒప్పుకుంది. ధర కొంత భూమికి ఎకరా 1.22 లక్షలు, మిగతాదానికి 1.50 లక్షలు. ఆ డబ్బుకు మీ మండలం సెంటర్లో ఇంటి స్థలం ఎంత వస్తుందో కనుక్కోండి. ఆర్ట్ ల్యాబ్స్ 18 ఎకరాలు ఆ భూమిలోవే అని మేం అనటం లేదు. కంపెనీ సొమ్ము ఆకాశం నుంచి ఊడిపడదు, భూమిలో నుంచి, గనిలో నుంచి, కూలోడి ఒంట్లో నుంచి వస్తుంది అంటున్నాం. కాబట్టి అడిగేటప్పుడు చేతులు కట్టుకుని అడగాల్సిన పని లేదు.

ఆ తాలూకాలోనే దరోజి అనే ఊరుంది. బుర్రకథ ఈరమ్మ ఆ ఊరి మనిషి. బుడగ జంగాల ఆడబిడ్డ. షెడ్యూల్డు కులం. బడి మొహం చూడలేదు. రాత్రుళ్ళకు రాత్రుళ్ళు నోటితోనే కథలు నడిపింది. హంపి కన్నడ యూనివర్సిటీ ఆమెకు నాడోజ బిరుదిచ్చింది. 2014లో కన్నుమూసింది. విడిది గృహం పదేళ్ళ తర్వాత లేచింది. ఈరమ్మ లాంటి మనిషే ఈరోజు ఇలాంటి ఒక గేటు ముందు నిలబడిందనుకోండి. ఏమడుగుతారు? చదివిన కాలేజీ ఏది, ఇంతకుముందు ఎక్కడెక్కడ ప్రదర్శించావు, నీ కళ గురించి ఇంగ్లీషులో ఒక పేజీ రాసియ్యి. సాధారణంగా రెసిడెన్సీ దరఖాస్తులన్నీ ఇట్లాగే ఉంటాయి. కులం ఎవరూ అడగరు. ఈ మూడూ అడిగాక కులం అడగాల్సిన అవసరమేముంది?

'పైకొస్తున్న కళాకారుడు' అనే మాట ఒకటుంది. మనవాళ్ళు పుట్టినకాడి నుంచీ పైకొస్తూనే ఉంటారు, పైకి మాత్రం రారు. ప్రారంభోత్సవం నాడు డప్పు కొట్టటానికి పిలుస్తారు. లోపల గోడ మీద డప్పు కొట్టేవాడి బొమ్మ ఉంటుంది. దాని కింద సంతకం ఇంకెవరిదో!

కంపెనీ సొమ్ము అసలు ముట్టొద్దనే మిత్రులున్నారు. వాళ్ళ కోపం మాకు అర్థమవుతుంది గానీ ఆ మాట ఒప్పుకోం. 1913లో బాబాసాహెబ్ కొలంబియా యూనివర్సిటీకి పోయింది బరోడా మహారాజు ఇచ్చిన నెలకు పదకొండున్నర పౌండ్లతోనే గదా. తిరిగొచ్చి పదేళ్ళు కొలువు చెయ్యాలని షరతు కూడా రాయించుకున్నారు. రాజు సొమ్ముతో చదివాడని ఆయన రాజు మనిషయ్యాడా? 1917లో బరోడాకు కొలువుకు పోతే మాత్రం తల దాచుకునే గది దొరకలేదు. పార్సీ పేరు పెట్టుకుని పార్సీల సత్రంలో దిగితే కర్రలు పట్టుకొచ్చి వెళ్ళగొట్టారు. సొమ్ము దొరికినా బస దొరకని కులం మనది. కాబట్టి బస ఇస్తామన్న చోటికి మనవాళ్ళు పోవాలి. పోయినవాళ్ళను ద్రోహులనొద్దు.

దయ మీద మాత్రం ఆధారపడొద్దు. స్కోడా కార్ల కంపెనీ 2010లో కొత్త కళాకారులకు 10 లక్షల బహుమతి పెట్టింది. మూడు దఫాలిచ్చింది, ఆగిపోయింది. ఎవరు అడగగలిగారు?

అడగటానికి ఆధారం చట్టంలో ఉంది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ళ సగటు లాభంలో కనీసం 2 శాతం సమాజం పనులకు ఖర్చు పెట్టాలి. ఏ పనులో 7వ షెడ్యూల్లో రాశారు. కళ, సంస్కృతి అందులో ఉన్నాయి. వెనకబడ్డ వర్గాల అసమానతలు తగ్గించటం కూడా అందులోనే ఉంది. కంపెనీ నడిచే చుట్టుపక్కల ఊళ్ళకే ముందు చూడాలని కూడా ఆ సెక్షన్లోనే రాసుంది. ఖర్చు లెక్క బయటపెట్టి తీరాలి.

1994లో ఈదుముడి నుంచి లేచిన దండోరా 'వాటా' అనే మాట మనకు బాగా నేర్పింది. ఇక్కడా అదే అడుగుదాం. విడిది గదుల్లో సగం దళితులకు, ఆదివాసులకు, సంచార కులాలకు ఇవ్వాలి. దరఖాస్తు తెలుగులోనో కన్నడంలోనో నోటితో చెప్పినా తీసుకోవాలి. ఉన్నన్నాళ్ళూ ఇంటికాడ పొయ్యి వెలగటానికి కూలి కట్టివ్వాలి. ఎంపిక చేసే కమిటీలో మనవాళ్ళుండాలి. చేసిన బొమ్మ చేసినవాళ్ళకే చెందాలి.

మీ జిల్లాలో పెద్ద కంపెనీ ఉంటే దాని లెక్క తెప్పించి పేటలో పదిమంది ముందు చదవండి. ఇంకో పని. మీ ఊరి గోడ మీద బాబాసాహెబ్ బొమ్మ వేసింది ఎవరు? ఫ్లెక్సీలు వచ్చాక పని పోయి ఇప్పుడు ఏ సున్నాలు వేస్తున్నారు? వాళ్ళ పేరు, ఊరు, వేసిన బొమ్మలు రాసి మాకు పంపండి. ఆడవాళ్ళ పేర్లు మరిచిపోవద్దు.