వేరే పేరుతోనైనా చెప్పుకోనివ్వండి

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 నివేదికలో ఒక లెక్క ఉంది. శారీరక హింసకో లైంగిక హింసకో గురైన మహిళల్లో ఎవరినైనా సాయం అడిగినవాళ్లు 14 శాతమే. సాయం అడక్కపోగా, ఎవరితోనూ ఒక్క మాటైనా చెప్పనివాళ్లు 77 శాతం. అత్యాచారం వార్త వచ్చిన ప్రతిసారీ మన చర్చ పోలీసులు, ఫాస్ట్‌ట్రాక్ కోర్టులు, ఉరిశిక్ష చుట్టూనే తిరుగుతుంది. ఈ 77 శాతం మంది ఆ గడప దాకా రానేరారు. వీళ్లకు ముందుగా కావలసింది నోరు విప్పడానికి ఓ చోటు. పేరు, ఊరు, ముఖం బయటపెట్టకుండా, అలాంటి దెబ్బే తిన్న మరికొందరితో మాట్లాడుకునే ఆన్‌లైన్ గ్రూపులు ఆ చోటు కాగలవని నా నమ్మకం. అయితే వాటిని చుట్టాల గ్రూపు నడిపినట్టు నడిపితే మేలు కంటే కీడే ఎక్కువ.

ఇంట్లోనే చెప్పుకోవచ్చు కదా అని అడిగేవారికి జవాబు నేర గణాంకాల్లోనే ఉంది. అత్యాచారం కేసుల్లో నూటికి 90కి పైగా నిందితులు బాధితురాలికి తెలిసినవాళ్లేనని జాతీయ నేర గణాంకాల సంస్థ నివేదికలు ఏటా చెబుతున్నాయి. బంధువో, పక్కింటివాడో, పాఠం చెప్పినవాడో అయినప్పుడు ఆ మాట ఇంట్లో ఎత్తగానే ‘ఆయన అలాంటివాడు కాదు’, ‘పెళ్లి కావలసిన పిల్లవి, బయట అనకు’ అనే జవాబులు సిద్ధంగా ఉంటాయి. మనకు మహిళా సంఘాల చరిత్ర లేకపోలేదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు అక్షరదీపం అక్షరాస్యత తరగతుల్లో కలిసి కూర్చున్నాకే, మొగుడి తాగుడు తన ఒక్కదాని ఖర్మ కాదని గ్రహించి సారాపై తిరగబడ్డారు. కానీ సారా గురించి నలుగురిలో అనగలిగిన మాట దీని గురించి అనలేరు. పొదుపు సంఘం సమావేశంలో పక్కన కూర్చున్న మనిషి ఆ దుర్మార్గుడి తల్లి కావచ్చు, అక్క కావచ్చు. ఒకరికొకరు తెలిసి ఉండటమే ఆ సంఘాలకు బలం. ఈ విషయంలో అదే అడ్డు.

బాగా నడిచే గ్రూపులో కొత్తగా చేరినవారు చాలాకాలం చదువుతూ ఉండిపోతారు. ఎప్పుడో ఒక రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక రెండు వాక్యాలు టైపు చేసి, చెరిపి, మళ్లీ టైపు చేసి పంపుతారు. చిన్నప్పటి లైంగిక వేధింపుల ప్రస్తావన ఉంది, చదవలేనివారు వదిలేయండి అని పైన ఒక హెచ్చరిక. కింద వచ్చే జవాబుల్లో ‘అప్పుడే ఎందుకు చెప్పలేదు’, ‘అక్కడికెందుకు వెళ్లావు’ అన్న ప్రశ్నలుండవు. ‘నమ్ముతున్నాం’, ‘నాకూ ఇలాగే జరిగింది’ అన్న మాటలుంటాయి. తప్పు నీది కాదని కౌన్సెలర్ అంటే, అలా అనడం ఆమె ఉద్యోగం అనిపించవచ్చు. అదే అవమానాన్ని మోసిన మనిషి అంటే కొట్టిపారేయడం కష్టం. దీనికి మరో వైపు ఇంకా ముఖ్యం. ఇంకొకరికి ‘పదేళ్ల పిల్లవి, నీ తప్పేముంది’ అని మనస్ఫూర్తిగా రాసిన మనిషి, ఆ న్యాయం తనకూ వర్తిస్తుందని ఏదో ఒకరోజు ఒప్పుకోక తప్పదు. సాయం పొందడం కంటే చేయడంలోనే ఎక్కువ కోలుకునే అవకాశం ఇక్కడ ఉంది. డాక్టరు గదిలో అది దొరకదు.

మానిన గాయాన్ని ఇలా కెలకడం ప్రమాదం కాదా అన్నది మొదటి అభ్యంతరం. ఇందులో నిజముంది. జరిగినదంతా పూసగుచ్చినట్టు చెప్పించడమే వైద్యం అనుకోవడం పొరపాటు. హార్వర్డ్ మనోవైద్యురాలు జూడిత్ హెర్మన్ 1992లో రాసిన ‘ట్రామా అండ్ రికవరీ’లో కోలుకోవడాన్ని మూడు దశలుగా విడదీశారు. మొదటిది భద్రత. జరిగినదాన్ని తలుచుకుని దుఃఖించడం ఆ తర్వాత. మళ్లీ మనుషుల్లో కలవడం చివర. మొదటి దశలో ఉన్నవారి బృందాలు ఇవాళ్టి నిద్ర, తిండి, రక్షణ గురించి మాట్లాడుకోవాలే తప్ప వివరాల్లోకి దిగకూడదని ఆమె చెప్పారు. అభ్యంతరానికి జవాబు గ్రూపును మూసేయడంలో లేదు, ఈ క్రమాన్ని నియమంగా పెట్టడంలో ఉంది. వివరాలు అడగకూడదు, అడగని సలహా ఇవ్వకూడదు, ఆత్మహత్య మాట వినబడితే టెలిమానస్ 14416 లాంటి హెల్ప్‌లైన్‌కు అప్పుడే కలపాలి. ఇది చూసుకోవడానికి శిక్షణ పొందిన మనిషి ఉండాలి.

రెండో అభ్యంతరం, ముసుగు వేసుకుని వేటగాళ్లూ చొరబడతారని. నిజమే, చొరబడతారు. మామూలు వాట్సాప్ గ్రూపులో సభ్యుల ఫోన్ నంబరు అందరికీ కనిపిస్తుంది. ఆ నంబరును ట్రూకాలర్‌లో కొడితే చాలాసార్లు పేరు కూడా వచ్చేస్తుంది. తర్వాత పని ఒక్క స్క్రీన్‌షాట్ చేస్తుంది. కాబట్టి నంబరు కనిపించని వేదిక ఎంచుకోవాలి, చేర్చుకునే ముందు మాట్లాడాలి, సభ్యులు విడిగా మెసేజ్ చేసుకునే వీలు లేకుండా చేయాలి. అసలు పేరు దాచుకోవడమే పిరికితనం అనేవారు చట్టం వైపు చూడాలి. అత్యాచార బాధితురాలి పేరు బయటపెట్టడం నేరమని 1983లోనే ఐపీసీలో 228ఎ సెక్షన్ చేర్చారు. ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 72వ సెక్షన్. సమాజం ఆ పేరును ఏం చేస్తుందో తెలిసే చట్టం ఆ గోప్యత కల్పించింది.

ఇక్కడ ఏడ్చి తేలికపడితే నేరస్థుడు తప్పించుకుంటాడన్నది మూడోది. కేసు పెట్టడానికి కావలసిన నిబ్బరం, తనను ఒకరైనా నమ్మారన్న ధైర్యం నుంచే వస్తుంది కాబట్టి ఈ రెండింటికీ పోటీ లేదు. కేసు పెట్టలేనివారికీ, పెట్టకూడదనుకున్నవారికీ బతుకు ఉంటుందన్నది మరిచిపోకూడదు. కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి శాఖ 2007లో వెలువరించిన అధ్యయనంలో 53 శాతం పిల్లలు ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపులకు గురయ్యామన్నారు. వారిలో సగానికి పైగా మగపిల్లలు. వేధింపుల శాతం అత్యధికంగా ఉన్న రాష్ట్రాల్లో ఆనాటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. పిల్లలపై లైంగిక నేరాలకు ప్రత్యేకంగా తెచ్చిన పోక్సో చట్టం అమల్లోకి వచ్చింది 2012 నవంబరులో. అంతకుముందు గాయపడి ఇవాళ నలభై దాటిన మగవాడికి ఆ చట్టం లేదు, 181 మహిళా హెల్ప్‌లైన్ అతని కోసం కాదు, మహిళల కోసం పెట్టిన సఖి కేంద్రానికి వెళ్లలేడు. అలాంటివారికి గ్రూపు తప్ప గతి లేదు.

చట్టంలో ఒక చిక్కు మాత్రం ఉంది. పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలని పోక్సో 19వ సెక్షన్ అంటుంది. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు. ఇప్పుడు ఒక బిడ్డ ప్రమాదంలో ఉందని గ్రూపులో తెలిస్తే దాచిపెట్టే హక్కు ఎవరికీ లేదు. ఆ సంగతి చేరేటప్పుడే సభ్యులకు తెలియాలి. పెద్దయ్యాక తన పాత గాయం చెప్పుకునేవారి విషయం వేరు. వారి ఇష్టం లేకుండా కేసు నడపకూడదని చట్టం స్పష్టంగా అనాలి. లేకపోతే అడ్మిన్ భయంతోనూ, సభ్యులు అనుమానంతోనూ మూగబోతారు.

ఇంగ్లీషు వచ్చినవారికి ప్రపంచమంతా గ్రూపులున్నాయి. కర్నూలులోనో కరీంనగర్‌లోనో తెలుగు తప్ప రాని మనిషికి, తెలుగులో, శిక్షణ ఉన్నవాళ్లు నడిపే చోటు కావాలి. రెండు తెలుగు రాష్ట్రాల మహిళా శిశు సంక్షేమ శాఖలు మోడరేటర్ల శిక్షణకు, వారికి అండగా ఉండే మనస్తత్వ నిపుణుల జీతాలకు, అవసరమైనప్పుడు పలికే లాయరుకు డబ్బివ్వగలవు. ఇస్తూ ఎంతమందికి సాయం అందిందని లెక్క అడగవచ్చు. సభ్యుల పేర్ల జాబితా మాత్రం ఎన్నడూ అడగకూడదు.