వినడం కూడా పాఠమే

ఇంగ్లీషు పాఠం అనగానే మనకు ఒక పద్ధతి అలవాటైపోయింది. ముందు సార్ పాఠం చదువుతారు. తర్వాత కష్టమైన మాటలకు అర్థాలు రాయిస్తారు. ఆ తర్వాత గైడులో ఉన్న జవాబులను మనం బట్టీ పడతాం. పరీక్ష అయిపోతే పాఠమూ అయిపోతుంది. చాలా పాఠాల విషయంలో దీనివల్ల పెద్ద నష్టం ఉండకపోవచ్చు. కానీ కొన్ని పుస్తకాలను ఇలా చదివితే వాటిని రాసిన మనిషికే అన్యాయం జరుగుతుందని మా అభిప్రాయం. అలాంటి ఒక పుస్తకం గురించి, దాన్ని హైస్కూలు ఇంగ్లీషు క్లాసులో ఎలా చెప్పాలన్న దాని గురించి ఈ వార్షికోత్సవ సంచికలో మన తమ్ముళ్ళతో, చెల్లెళ్ళతో, మనకంటే ముందు ఈ హాస్టల్లో చదివి వెళ్ళిన అన్నలతో, అక్కలతో నాలుగు మాటలు పంచుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాం.

మేము పి.జి.లో ఇంగ్లీషు సాహిత్యం చదువుతున్నవాళ్ళం. మా ఇళ్ళల్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాళ్ళం మేమే. రేపోమాపో బి.ఇడి. చేసి ఏదో ఒక ఊళ్ళో సుద్దముక్క పట్టుకోవాలని ఆశపడుతున్నవాళ్ళం. కనుక ఈ విషయం మాకు ఇవాళ చదివే పుస్తకం గురించే కాదు, రేపు మేం చెప్పబోయే పాఠం గురించి కూడా.

ఆ పుస్తకం పేరు 'నైట్'. అంటే రాత్రి. రాసినవారు ఎలీ వీజెల్. ఆయన 1928లో రుమేనియాలోని సిగెట్ అనే చిన్న పట్టణంలో యూదు కుటుంబంలో పుట్టారు. 1940లో ఆ ప్రాంతం హంగేరీ చేతికి వెళ్ళింది. 1944 మార్చిలో జర్మన్ సైన్యం హంగేరీని ఆక్రమించింది. మే నెలలో సిగెట్ యూదులను గూడ్సు రైలు పెట్టెల్లో కుక్కి ఆష్‌విట్జ్ శిబిరానికి పంపారు. అప్పటికి వీజెల్ వయసు 15 ఏళ్ళు, అంటే మన పదో తరగతి పిల్లవాడి వయసు. రైలు దిగిన చోటే మగవాళ్ళను ఒక వైపు, ఆడవాళ్ళను ఒక వైపు విడదీశారు. తల్లినీ చిన్న చెల్లెలినీ ఆయన చూడటం అదే ఆఖరు. తండ్రి 1945 జనవరి చివర్లో బూకెన్‌వాల్డ్ శిబిరంలో చనిపోయారు. ఏప్రిల్ 11న ఆ శిబిరానికి విముక్తి కలిగేనాటికి ఆ అబ్బాయి వెంట నావాళ్ళు అనుకోవడానికి ఎవరూ లేరు.

1944 మే 15 నుంచి జూలై 9 వరకు, ఎనిమిది వారాల్లోపే, హంగేరీ నుంచి సుమారు 4,40,000 మంది యూదులను తరలించారు. వారిలో అత్యధికులు ఆష్‌విట్జ్‌కే చేరారు. మొత్తం మీద నాజీలు, వారి సహచరులు చంపిన యూదుల సంఖ్య సుమారు 60 లక్షలు. అందులో పిల్లలే దాదాపు 15 లక్షలు. దీన్నే హోలోకాస్ట్ అంటున్నాం.

ఈ అంకెలన్నీ సోషల్ పాఠంలో చెప్పవచ్చు, చెప్పాలి కూడా. 1933లో హిట్లర్ అధికారంలోకి రావడం, 1935లో న్యూరెంబర్గ్ చట్టాలు యూదుల పౌరసత్వాన్ని తీసేయడం వంటివి తెలియకుండా ఈ పుస్తకం అర్థం కాదు. మరి ఇంగ్లీషు క్లాసుకు దీనితో పనేమిటని కొందరు అడుగుతారు. మా జవాబు ఇది. 60 లక్షలు అన్న మాటను మనం చదవగలం గానీ వినలేం. ఒక మనిషి గొంతును వినగలం. ఆ గొంతు ఏం చెప్పింది, ఎలా చెప్పింది, ఎక్కడ ఆగిపోయింది అని గమనించడం నేర్పేది భాష చెప్పే క్లాసే.

ఆశ్చర్యమేమిటంటే, ఎలా వినాలన్న పాఠాన్ని ఈ పుస్తకమే మొదటి పేజీల్లో మన ముందు పెడుతుంది. సిగెట్‌లో మోషె అనే పేదవాడు ఉంటాడు. యూదుల ప్రార్థనా మందిరంలో చిన్నాచితకా పనులు చేసుకుంటూ బతుకుతాడు. వేరే దేశంవాడని అతన్ని మరికొందరితో కలిపి ముందే ఊరినుంచి పంపేస్తారు. కొన్ని నెలలకు కాలికి గాయంతో తిరిగి వస్తాడు. తనతో వచ్చినవారందరినీ అడవిలో గోతులు తవ్వించి కాల్చి చంపారని, తాను చనిపోయాడనుకుని వదిలేశారని ఇంటింటికీ తిరిగి చెబుతాడు. ఒక్కరూ నమ్మరు. జాలి కోసం కథలు అల్లుతున్నాడని కొందరు, మతి చలించిందని కొందరు అంటారు. తర్వాత రైల్లో ఒక తల్లి మంటలు, మంటలు అని కేకలు వేస్తుంది. పక్కవాళ్ళే ఆమె నోరు కట్టేస్తారు, కొడతారు. రైలు ఆగాక మంటలు అందరికీ కనిపిస్తాయి.

సిగెట్ జనం చెడ్డవాళ్ళని ఈ కథకు అర్థం కాదు. వాళ్ళూ మనలాంటి మామూలు మనుషులే. ఒకదాని తర్వాత ఒకటి ఆజ్ఞలు వస్తుంటాయి. మూడు రోజులు ఇల్లు కదలకూడదు, బంగారం అప్పజెప్పాలి, బట్టల మీద పసుపు నక్షత్రం కుట్టుకోవాలి, సాయంత్రం ఆరు తర్వాత బయటికి రాకూడదు. ప్రతి ఆజ్ఞకూ జనం ఏదో ఒకటి చెప్పి సర్దుకుంటూ పోతారు. నిజం చెప్పేవాడు చేతగానివాడిలా కనిపిస్తే, చెప్పే విషయం భరించలేనిదైతే, ఊరు ఊరంతా చెవులు మూసుకుంటుంది. ఈ పుస్తకం చదివే ప్రతి క్లాసూ ఇక్కడే పరీక్షకు నిలబడుతుంది. మోషె మాట వినని ఊరిలా ఉంటామా, వింటామా?

వీజెల్ గారికి కూడా ఇదే అనుభవం ఎదురైంది. యుద్ధం తర్వాత పదేళ్ళ దాకా ఆయన దీని గురించి రాయలేదు. 1956లో బ్యూనస్ ఎయిర్స్‌లో తన మాతృభాష యిడ్డిష్‌లో వచ్చిన పుస్తకం పేరుకు ప్రపంచం మౌనంగా ఉండిపోయింది అని అర్థం. దాన్ని బాగా కుదించి ఫ్రెంచిలో 1958లో అచ్చు వేశారు. ఇంగ్లీషు అనువాదం 1960లో వచ్చింది. మొదట్లో కొన్నవాళ్ళు చాలా తక్కువ. 1986లో ఆయనకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. 2006లో ఆయన భార్య మేరియన్ చేసిన కొత్త అనువాదం వచ్చింది. 2016లో ఆయన కన్నుమూశారు. ఈ రోజు అమెరికాలో ఎన్నో హైస్కూళ్ళలో ఇది ఇంగ్లీషు క్లాసులోనే చదివే పుస్తకం. న్యూజెర్సీ, ఫ్లోరిడా రాష్ట్రాలు హోలోకాస్ట్‌ను బడిలో చెప్పి తీరాలని 1994లోనే చట్టాలు చేశాయి.

అయితే పుస్తకాన్ని సిలబస్‌లో పెట్టగానే సరిపోదు. దాన్ని ఎలా చెబుతామన్నదే అసలు విషయం. దీని మీద మా ఆలోచనలు కొన్ని ఉన్నాయి.

మొదటిది, ఆ బాధను నాటకం ఆడించకూడదు. కొన్ని బడుల్లో పిల్లలకు బాగా అర్థం కావాలని సగం మందికి పసుపు గుర్తులు పెట్టి, మిగతా సగం మందిని కాపలావాళ్ళను చేసి ఆటలాడించారు. వాషింగ్టన్‌లో 1993లో ప్రారంభమైన హోలోకాస్ట్ మ్యూజియం టీచర్లకు ఇచ్చిన సూచనల్లో ఇలాంటివి వద్దనే చెప్పింది. ఎందుకు వద్దో మనకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు. క్లాసులో స్కాలర్‌షిప్ జాబితా చదువుతూ పేరు పిలిచినవాళ్ళను లేచి నిలబడమన్నప్పుడు ఎలా ఉంటుందో మనలో చాలామందికి తెలుసు. చదువు పేరుతో ఏ పిల్లవాడినీ అలా నిలబెట్టకూడదు. పైగా గంట కొట్టగానే గుర్తు తీసేసి ఆటకు పోయే పిల్లలకు ఆష్‌విట్జ్ అర్థమైందనుకోవడం చనిపోయినవారిని చిన్నబుచ్చడమే.

రెండోది, ఇంగ్లీషు క్లాసు ఇంగ్లీషు చెప్పడం మానకూడదు. ఆ పుస్తకంలోవి చిన్న వాక్యాలు. డిక్షనరీ పెద్దగా అక్కర్లేదు. తల్లినుంచి విడిపోయిన చోట దగ్గరికి వచ్చినప్పుడు టీచరు ఒక్క ప్రశ్న వేస్తే చాలు. ఆ క్షణంలో ఆ అబ్బాయికి తెలిసింది ఎంత, దాదాపు ముప్పై ఏళ్ళ మనిషిగా రాసేటప్పుడు తెలిసింది ఎంత? రెండు కాలాలకు మధ్య తేడా అక్కడ తెలుస్తుంది. టెన్సెస్ బిట్లు వంద చేసినా అది తెలియదు. అలాగే వాయిస్. యాక్టివ్‌ను పాసివ్‌లోకి మార్చమంటే మనం నిద్రలో కూడా మారుస్తాం. ఇళ్ళు ఖాళీ చేయించబడ్డాయి, జనం రైలెక్కించబడ్డారు అని రాసినప్పుడు ఆ పని చేసినవాడు వాక్యంలోంచి ఎక్కడికి పోయాడు? అతన్ని వెతికి తిరిగి వాక్యంలో నిలబెట్టమనండి. గ్రామరు ఎందుకు నేర్చుకోవాలో ఆ రోజు పిల్లలకు తెలుస్తుంది.

మనలాంటివాళ్ళకు ఇందులో ఇంకో ధైర్యం కూడా ఉంది. వీజెల్ గారు ఈ పుస్తకాన్ని కుదించి రాసిన ఫ్రెంచి ఆయన ఇంటి భాష కాదు. శిబిరం నుంచి బయటపడి ఫ్రాన్స్ చేరాక నేర్చుకున్నది. ఇంగ్లీషు మన ఇళ్ళల్లో మాట్లాడే భాష కాదని, తప్పులు వస్తే నవ్వుతారని నోరు విప్పని తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోవాలి. తర్వాత నేర్చుకున్న భాషలో కూడా మనిషి తన నిజాన్ని చెప్పవచ్చు. దానికి పెద్ద పెద్ద మాటలు అక్కర్లేదు.

మూడోది, పిల్లలకు ఇంత బాధ ఎందుకన్న అభ్యంతరం. ఇది కొట్టిపారేయవలసిన మాట కాదు. అయిదో తరగతికి ఈ పుస్తకం ఇవ్వమని మేమూ అనం. కానీ అభ్యంతరం ఒక్కోసారి దారి తప్పుతుంది. ఆర్ట్ స్పీగెల్‌మన్ తన తండ్రి అనుభవాలను 'మౌస్' పేరుతో బొమ్మల కథగా గీశారు. దానికి 1992లో ప్రత్యేక పులిట్జర్ పురస్కారం వచ్చింది. 2022 జనవరిలో అమెరికాలోని టెనసీ రాష్ట్రంలో మెక్‌మిన్ కౌంటీ స్కూలు బోర్డు ఆ పుస్తకాన్ని 8వ తరగతి ఇంగ్లీషు పాఠాల నుంచి 10-0 ఓట్లతో తీసేసింది. కొన్ని తిట్టు మాటలు, ఒక నగ్న చిత్రం ఉన్నాయన్నది వారు చెప్పిన ప్రధాన కారణం. మనుషులను లక్షల్లో చంపిన కథలో తిట్టు మాటే పెద్దగా కనిపించిందంటే మనం ఏమనుకోవాలి? పిల్లలకు రక్షణగా టీచరు పక్కన ఉండాలి. కలిసి చదవాలి, ఆగవలసిన చోట ఆగాలి, క్లాసు ముగిసేలోపు పిల్లలను మాట్లాడనివ్వాలి. పుస్తకాన్నే తీసేస్తే అది రక్షణ అనిపించుకోదు.

ఇంకో వైపు పొరపాటు కూడా ఉంది. ఎన్.సి.ఇ.ఆర్.టి. వారి 10వ తరగతి 'ఫస్ట్ ఫ్లైట్'లో ఆన్ ఫ్రాంక్ డైరీ నుంచి ఒక పాఠం చేర్చారు. క్లాసులో కబుర్లు చెబుతోందని లెక్కల సార్ వ్యాసం రాయమంటే ఆమె చమత్కారంగా రాసిన సంగతి అది. చదవడానికి సరదాగా ఉంటుంది. కానీ ఆ భాగం 1942 జూన్ నాటిది. జూలై 6న ఆ కుటుంబం అజ్ఞాతంలోకి వెళ్ళింది. 1944 ఆగస్టు 4న పట్టుబడింది. 1945 తొలి నెలల్లో ఆ అమ్మాయి బెర్గెన్-బెల్సెన్ శిబిరంలో 15 ఏళ్ళకే చనిపోయింది. లెక్కల సార్ జోకుతో ప్రశ్నలు-జవాబులు ముగించేస్తే, నవ్వు మిగులుతుంది, అమ్మాయి మాయమవుతుంది. అంత నవ్వించగలిగిన పిల్లను చంపారు అన్నది కూడా చెబితేనే ఆ పాఠం పూర్తవుతుంది.

చివరగా, మన హాస్టల్లో తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటి ఉంది. మా తాతలు పడింది మాత్రం తక్కువా? అని. ఆ ప్రశ్న రావడం తప్పు కాదు, అది రాకపోతేనే ఆశ్చర్యపోవాలి. కానీ ఎవరి బాధ ఎక్కువ అని మార్కులు వేయడం మొదలుపెడితే ఇద్దరి మాటా వినబడదు. ఒక జాతి మొత్తాన్ని, పసిపిల్లలతో సహా, లేకుండా చేయాలని ఒక ప్రభుత్వం కాగితం మీద లెక్క వేసి, రైళ్ళు నడిపి చేసిన పని అది. ఊరి బయట ఉంచడం, తరాల తరబడి ముట్టుకోకపోవడం వేరే చరిత్ర. దానికి దాని పేరు, దాని లెక్క ఉన్నాయి. వారి పేరు మనం అరువు తెచ్చుకోనక్కర్లేదు, మనది దాచుకోనూ అక్కర్లేదు. ఒకరి సాక్ష్యాన్ని ఓపికగా వినడం నేర్చుకున్నవాడికి ఇంకొకరిది వినడం కూడా వస్తుంది. తెలంగాణలోని తన దళిత కుటుంబం కథను వై.బి. సత్యనారాయణ గారు 2011లో 'మై ఫాదర్ బాలయ్య' పేరుతో ఇంగ్లీషులోనే రాశారు. 'నైట్' చదివిన క్లాసు ఆ పుస్తకాన్ని ఇంకా బాగా చదవగలదని మా నమ్మకం.

కనుక మన హాస్టల్ లైబ్రరీకి మా విన్నపం ఒకటే. 'నైట్' ప్రతులు రెండు తెప్పించండి. అది సుమారు 120 పేజీల పుస్తకం. ఆష్‌విట్జ్‌కు విముక్తి కలిగిన జనవరి 27ను ఐక్యరాజ్యసమితి 2005లో హోలోకాస్ట్ స్మారక దినంగా ప్రకటించింది. మనకు అది రిపబ్లిక్ డే మర్నాడు. ఆ సాయంత్రం స్టడీ అవర్లో ఒక గంట, పదో తరగతి పిల్లలు వంతులవారీగా మోషె తిరిగి వచ్చిన పేజీలను పైకి చదవాలి. అర్థం కాని చోట పి.జి. చదివే అన్నలు, అక్కలు తెలుగులో చెప్పాలి. దాని మీద పరీక్ష వద్దు, వ్యాసరచన పోటీ వద్దు. చదివేవాళ్ళు చదవాలి, మిగతావాళ్ళు వినాలి. ఆ గంటకు పిలిస్తే రావడానికి మేము సిద్ధంగా ఉన్నాం.